పాటయు, పద్దును



ఈ ధర్మనిధి నిర్వాహకులు నన్ను ఉపన్యాసమునకు పిలిచినప్పుడు, ఎవరి స్మృత్యర్థము ఈ సభ జరుగుచున్నదో ఆ ఉపాధ్యాయుని గూర్చి మొదట కొంత ప్రసంగించుట మర్యాద యని సూచించిరి. ఆయనను నేనెరుగుదును. తన పేరు పదిమందిలో బిగ్గరగా వినవచ్చెనా, కుర్చీలో ముడుచుకొని పోయెడి మనిషి. కావున ఆ పేరును నా వెనుక కట్టిన గుడ్డకే విడిచిపెట్టి, ఆయనకు ప్రియమైన విషయమును ఎత్తుకొనుచున్నాను. ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పుచు, ఎండకాలపు సెలవులు రాగానే తెల్లదుప్పటి యొకటి, బాడుగకు తెచ్చిన ప్రొజెక్టరు ఒకటి, దానిని నడుపుటకు దగ్గుచు పొగలు గ్రక్కు జనరేటరు ఒకటి బండి కెక్కించుకొని గోదావరి యొడ్డు పల్లెలకు బోయి, చేతికందిన డాక్యుమెంటరీనెల్ల చూపి వచ్చుట ఆయన వ్యసనము. ఆట ముగిసిన పిదప పిల్లలను ఆయన అడుగు ప్రశ్న ఎప్పుడును ఒక్కటే: "ఇందులో లెక్క యెక్కడ నున్నదిరా?" పిల్లలు నవ్వెడివారు, ప్రక్కన నిలిచిన నేనును నవ్వెడివాడను. మంచుదేశపు వేటగాండ్రు, ఎడారి కాపరులు, మన పాపికొండల రెడ్లు, వీరి ఆటపాటలలో లెక్క యేమిటి? ముప్పది యేండ్లు నేనును ఈ చిత్రముల వెంట తిరిగిన పిమ్మట ఆ ప్రశ్న నన్ను పట్టుకొన్నది. నేటి నా ప్రసంగము దానికి ఆలస్యముగా వ్రాసికొన్న జవాబు.

ఖమ్మములో నా చిన్ననాట సినిమాకు పోవుట యనగా మొదట న్యూస్ రీలు చూచుట. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడిన తరువాత, అసలు చిత్రమునకు ముందు ప్రభుత్వపు లఘుచిత్రమును ఆడించుట హాలువారికి తప్పనిసరి విధి యయ్యెను. ఒకనాడు తెరపై అడవి. తలలకు కొమ్ములు ధరించి డోళ్ళు వాయించు పురుషులు. చేతులు చేతులు పెనవైచుకొని అడుగులు వేయు స్త్రీలు. వీరు ప్రకృతి బిడ్డలనియు, ప్రగతి ఇప్పుడిప్పుడే వీరి గడపకు వచ్చుచున్నదనియు గంభీరమైన గొంతొకటి చెప్పుచున్నది. హాలులో సగము మంది లేచి బీడీ కాల్చుకొనుటకు బయటికి పోయిరి. మా మామయ్య వారిలో ఒకడు. నన్నును వెంటబెట్టుకొని పోయెను. ఆయన వ్రేళ్ళ నడుమ కాలుచున్న ఆకు, లోపల తెరపై ఆడుచున్న ఆ మనుష్యుల వంటివారే ఏ వైశాఖమాసపు తెల్లవారుజామున త్రుంచి, కట్టకు 50 ఆకుల చొప్పున కట్టి, కల్లములో అప్పజెప్పిన తునికాకు అను సంగతి నాకు గాని, మా మామయ్యకు గాని, ఆ గంభీరమైన గొంతునకు గాని తోచలేదు.

ఈ జాతి చిత్రములకు ఆదిపర్వము 'నానూక్ ఆఫ్ ది నార్త్'. రాబర్ట్ ఫ్లాహర్టీ కెనడా ఉత్తరమున హడ్సన్ అఖాతపు తీరములో ఒక ఇన్యూట్ కుటుంబపు జీవితమును చూపుచు 1922లో విడుదల చేసిన మూగచిత్రము అది. దానిని చూడనివారు సైతము దాని సంతానమును చూచియే యుందురు. మంచుగడ్డలను ఇటుకలవలె కోసి నానూక్ ఇల్లు కట్టుచుండగా, ఆ గోడలో కిటికీకై తేటమంచు పలక నొకదానిని అమర్చుచుండగా, మనము చిన్నపిల్లలమై చూతుము. అయితే లోపల కెమెరాకు వెలుతురు చాలదని ఇంటి నొక ప్రక్క తెరచియుంచి, ఆ చలిగాలిలోనే కుటుంబము పడుకొన్నట్లును, లేచినట్లును చిత్రించిరి. నానూక్ అసలు పేరు అల్లాకరియల్లాక్. తుపాకి అప్పటికే ఎరిగిన వేటగాండ్రను తాతలనాటి బల్లెము పట్టుమని కోరిరి. పండ్రెండేండ్ల తరువాత ఐర్లండు పడమటి దీవులలో అదే దర్శకుడు 'మాన్ ఆఫ్ ఆరాన్' తీయునప్పుడు, అక్కడ మానిపోయి తరములు గడచిన సొరవేటను, దానిని ఎన్నడు చేసి యెరుగని జాలరులకు మరల నేర్పించి ఆడించవలసి వచ్చెను.

ఫ్లాహర్టీని దోషిగా నిలబెట్టుట నా ఉద్దేశము కాదు. వేషము కట్టించుట నేరమైనచో మన వీధిభాగవతులందరును బోనెక్కవలసినవారే. నా కొరత వేరొకటి. నానూక్ చిత్రమునకు పెట్టుబడి పెట్టినవారు రెవియాన్ ఫ్రేర్ అను ఫ్రెంచి బొచ్చుతోళ్ళ వర్తకులు. ఆ తోళ్ళకై నక్కలను పట్టి వర్తకుని కొట్టులో అప్పగించువారు నానూక్ వంటివారు. చిత్రములో ఆ కొట్టు కనబడును, అక్కడ నానూక్ గ్రామఫోను పళ్ళెమును నోట కరచి చూచును, మనము నవ్వుదుము. ఒక్క తోలునకు ఏమిచ్చిరో, దాని కెంత తుపాకిమందు వచ్చినదో, వెనుకటి బాకీ యెంత మిగిలినదో తెలుపు ఖాతాపుస్తకము ఆ బల్లపైననే ఎచటనో ఉండియుండును. కెమెరా అటు తిరుగలేదు. తాతనాటి బల్లెమును వెదకి పట్టిన కంటికి కొడుకునాటి బాకీ ఆనలేదు. అటు తరువాత నూరేండ్లుగా ప్రపంచమంతట ఇట్టి చిత్రములు తీసినవారిలో అనేకులు, ఎంతటి సహృదయులైనను, పాటను పట్టుకొని పద్దును వదలిరి.

మన సీమకు వత్తము. భద్రగిరి కదలలేదు; శబరి కూనవరము కడ గోదావరిలో కలియుట మానలేదు; ఈ నేల చిరునామా మాత్రము బంతివలె చేతులు మారినది. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చినవి. నదికి ఎడమగట్టు ఆంగ్లేయులది, కుడిగట్టు నైజాముది కాగా, ఒక ప్రభుత్వపు అటవీ చట్టము మరీ గట్టిగా బిగిసిన యేట కొండరెడ్లు దోనె యెక్కి రెండవ గట్టునకు పోయెడివారు. 1959లో భద్రాచలము ప్రాంతము తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాకు వచ్చినది. 2014లో, రాష్ట్ర విభజనతో పాటు, పోలవరము ఆనకట్ట ముంపు కారణముగా కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుకునూరు, వేలేరుపాడు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచినది. రాములవారు ఇటును, ఆయన మాన్యము లనేకము అటును ఉండిపోయిరి. 2022లో ఆ పోయిన మండలములును మరల చీలి కొన్ని అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కొన్ని ఏలూరు జిల్లాలో పడినవి. కూనవరము చెంత 1950 ప్రాంతమున పుట్టిన కోయ వృద్ధుడొకడు తన గుడిసె గడప దాటకయే తూర్పు గోదావరివాడు, ఖమ్మమువాడు, మరల తూర్పు గోదావరివాడు, పిదప అల్లూరి జిల్లావాడు అయినాడు. మారిన ప్రతిసారి రేషను కార్డు, కుల ధ్రువపత్రము, పట్టా పుస్తకము మారవలెను. ప్రతిదానికి ఒక దరఖాస్తు, ఒక బస్సు ప్రయాణము, ఒక కూలిదినము నష్టము. సాంఘిక పరివర్తనమని మనము సభలలో గొప్పగా పలుకు మాటకు ఆ పల్లెలో అర్థము ఇది. దీనిని చూపిన డాక్యుమెంటరీ నా కంటబడలేదు. కాగితము తెరపై అందగింపదు కాబోలు.

కాగితమును చూచినవాడు ఒక పరదేశి. వియన్నాలో 1909లో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, రెండవ ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు శత్రుదేశపు ప్రజగా ఎంచబడి, నైజాము రాజ్యములోనే ఉండవలసినవాడై, ఆ నిర్బంధమును వరముగా మార్చుకొని, భార్య బెట్టీతో గూడ చెంచుల నడుమను, కొండరెడ్ల నడుమను, గోండుల నడుమను మసలెను. కొండరెడ్లపై ఆయన గ్రంథము 1945లో వెలువడినది. జీలుగు కల్లు దిగు కాలము, మామిడి టెంకలను నానబెట్టి పిండిచేసి అంబలి కాచుకొను కరవు దినములు, పోడు నరుకు వరుస, దేవతల మ్రొక్కులు, అన్నియు అందులో ఉన్నవి. కాని నాకు ఆ పుస్తకము పట్ల గౌరవము కలిగించినది వేరు: వెదురు, కలప కంట్రాక్టర్లు రెడ్లను బాకీలలో ఎట్లు ఇరికించిరో, ఒక్కసారి ఉప్పునకో, బట్టకో తీసికొన్న అప్పునకు మనిషి ఎన్ని ఋతువులు అడవిలో ఊడిగము చేసెనో ఆయన పూసగ్రుచ్చినట్లు వ్రాసినాడు. పాటను విన్న చెవితోనే పద్దును విన్నాడు. మూడు దశాబ్దముల పిమ్మట, 1970లలో, ఆయన ఈ పల్లెలకే తిరిగివచ్చి, తాను మునుపు చూచిన భూములు ఎవరి చేతికి పోయినవో విచారించి, 1982లో మరొక గ్రంథము ప్రకటించెను. వెళ్ళిన చోటికి మరల వచ్చుట, వచ్చి తన పాతమాటను సరిచూచుకొనుట, ఇది పండితులలోను అరుదే. చలనచిత్రకారులలో మరియు అరుదు. ఉత్సవముల పతకములు ముందుకు పోవువారి మెడలోనే పడును గదా.

ఇచ్చట ఒక ప్రక్కదారి త్రొక్కుదును, క్షమింపుడు. గోదావరిని, పాపికొండలను తెలుగువాని కంటికి ఎక్కించినవి డాక్యుమెంటరీలు కావు, మన కథాచిత్రములు. 1973లో బాపు 'అందాల రాముడు' తీసి, ఒక లాంచీ నిండ జనమును, ముళ్ళపూడివారి మాటలను ఎక్కించి భద్రాద్రి రాముని కల్యాణమునకు సాగనంపెను. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'లో మరల ఆ యాత్రయే. రెండును నాకిష్టమైన చిత్రములు. ఎన్నిమార్లు చూచితినో చెప్పుట ఈ వేదికకు తగదు. అయితే వయసు వచ్చిన కొలది నేను పడవలోని నాయికా నాయకులను మాని, వారి భుజముల వెనుక జారిపోవు గట్టును చూచుట మొదలుపెట్టితిని. అక్కడ ఇసుకతిన్నె మీద పొగాకు మళ్ళు, రేవులో దోనె, కొండవాలున నల్లని పోడు మచ్చ, ఒక్కొక్క క్షణము ఎవరిదో గుడిసె. దర్శకుడు వానిని చూపవలెనని చూపలేదు. నది ప్రక్కన ఉన్నవి గనుక పడినవి. ఆ గట్టులలో ఎన్నో జలాశయమున మునుగునవి. కథకై తీసిన రీలులో సాక్ష్యము తనంతట తాను వచ్చి కూర్చున్నది.

సాక్ష్యము కొరకే వచ్చితిమని చెప్పువారి సంగతి చూడుడు. నా ఎరుకలో ఈ ఏజెన్సీకి కెమెరాతో వచ్చినవారు మొదటి సాయంకాలమే కొమ్మునృత్యము అడుగుదురు. దున్నకొమ్ముల తలపాగ పెట్టి, పెద్ద డోళ్ళు మోయుచు, అడవిదున్నలు పోట్లాడినట్లు తలలు తాకించు ఆ ఆట పెండ్లికిని, పండుగకును కోయలు ఆడుకొనునది. నేడు అది మంత్రిగారి స్వాగతమునకు, గణతంత్ర దినోత్సవ శకటమునకు, డాక్యుమెంటరీ ప్రారంభ దృశ్యమునకు ఆడునది. ఒక పల్లెలో ఆటగాండ్రు నన్ను జూచి, "ఐదు నిమిషాలదా, పది నిమిషాలదా?" అని అడిగిరి. అందులో ఎగతాళి లేదు. పనివాని సూటితనము ఉన్నది. వారికి ధర తెలియును, వ్యవధి తెలియును, ఏ ప్రక్కకు తిరిగిన ఎండ మొగమున పడునో తెలియును. ఆ బేరమునే చిత్రములో పెట్టి యున్నచో అది గొప్ప చిత్రమయ్యెడిది. తీసినవారు బేరము ముగియువరకు కెమెరా మూసి ఉంచిరి.

కెమెరాకు గడప ఎక్కడ నిలుచునో ఎరిగిన చోటులును ఉన్నవి. మేడారము జాతరకు లక్షల జనము, వందల కెమెరాలు వచ్చును. కాని సమ్మక్కను తెచ్చుటకు పూజారులు చిలుకలగుట్ట నెక్కి చేయు క్రియ రహస్యము. లోకమంతయు గుట్ట క్రిందనే వేచియుండవలెను. ఇంతకంటె నా మనసు పట్టినది కోయల పడిగె. అది మూడు కోణముల గుడ్డ; దానిపై ఇలవేల్పు కథ, వంశము పుట్టుక, వలసలు, యుద్ధములు బొమ్మలుగా ఉండును. మూడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు అని కోయలు తమ గోత్రములను చెప్పుకొందురే, ఏ గట్టువారి పడిగె ఆ గట్టువారిది. డోలీ కళాకారుడు డోలు వాయించుచు పాడినప్పుడే ఆ బొమ్మలు నడచును. పాట లేనిచో అవి మడతపెట్టిన గుడ్డ. ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలగువారు వీనిపై శ్రద్ధతో పనిచేసినారు. మణుగూరు మండలములోని కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య (ఇది శబరి కలియు కూనవరము కాదు) సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోను, తెలుగులోను గానము చేసి, 2022లో పద్మశ్రీ పొంది, 2024లో కన్నుమూసెను. ఆయన పాట యంత్రములలో నిలిచినది, సంతోషము. కాని తెల్లదుప్పటియు గుడ్డయే, పడిగెయు గుడ్డయే, రెంటిమీదను మనుష్యుల బొమ్మలు నడచును, భేద మెక్కడ? పడిగెలో బొమ్మ ఎవరిదో, చూచువారును వారే. తప్పు పాడినచో సభలోని ముసలివాడు అక్కడికక్కడే ఆపి దిద్దును. మన చిత్రములలో బొమ్మ ఒకరిది, చూపు ఒకరిది, చప్పట్లు మరియొకరివి. దిద్దవలసిన ముసలివానికి టిక్కెట్టు పంపినవారు లేరు.

ఈ సంకటము మనకే కలిగినది కాదు. 1966 వేసవిలో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున, పైన్ స్ప్రింగ్స్ అను నవహో పల్లెలో, సోల్ వర్త్, జాన్ ఆడైర్ అను ఇద్దరు పండితులు నవహోల చేతికే కెమెరా ఇచ్చి చిత్రములు తీయించి చూడదలచిరి. ముందు ఊరి పెద్దయైన శామ్ యాజీ అను వైద్యుని అనుమతి కోరిరి. ఆయన అంతయు విని, సినిమా తీసినచో గొర్రెలకేమైన హాని కలుగునా యని అడిగెను. కలుగదనిరి. మేలు కలుగునా యనెను. అదియు లేదనిరి. అట్లయిన ఎందుకు తీయుట, అనెను. ఈ ప్రశ్నకు చలనచిత్రశాస్త్రములో ఇంతవరకు సరియైన సమాధానము వచ్చినట్లు లేదు. మా ఉపాధ్యాయుని లెక్క ప్రశ్నకు ఇది జ్ఞాతి. ఏమైనను చిత్రములు తీసిరి. నేతపని గూర్చి ఒక స్త్రీ తీసిన చిత్రములో మగ్గము కనబడు భాగము కొంచెమే. తక్కినదంతయు నడక: గొర్రెల వెంట నడక, ఉన్ని కడుగుటకు వేళ్ళు త్రవ్వ నడక, రంగు ఆకులకై నడక. మనవారైనచో ఆ నడకనంతయు కత్తిరించియుందురు. తునికాకునకును, ఇప్పపూవునకును అడవికి పోవు మన కోయ ఆడువారి దినములో సగమునకు పైగా నడకయే గదా. దానిని చిత్రములో రెండు క్షణములు చూపి, వెంటనే వేణువు మ్రోగింతుము.

కెనడాలోని ఇగ్లూలిక్ పల్లెవారు తమ భాషలో కార్యక్రమములు లేవను కారణమున 1970లలో రెండుమార్లు టెలివిజనును వలదనిరి. ఆ పల్లె నుండియే జకరియాస్ కునుక్ బృందము తమ పురాణకథను తమ భాషలో 'అతనార్‌జువత్' అను చిత్రముగా తీసి 2001లో కాన్ ఉత్సవమున బహుమతి పొందినది. బ్రెజిల్‌లో విన్సెంట్ కరెల్లి 1987 ప్రాంతమున నంబిక్వారా పల్లెలో ఒక ఉత్సవమును చిత్రించి, ఆ రాత్రియే వారికి చూపగా, వారు తమ బట్టలను జూచి సిగ్గుపడి, మరునాడు ఒళ్ళంత రంగులు పూసికొని మరల ఆడి, అంతటితో ఆగక, తాము మానివేసిన పెదవి కుట్టించుకొను ఆచారమును సైతము పునరుద్ధరించిరి. దీనిని విన్నప్పుడు నాకు ఉత్సాహమును, శంకయు ఒక్కసారే కలిగినవి. ఝార్ఖండ్‌లో ఓరావ్ తెగకు చెందిన బిజు టొప్పో మేఘనాథ్‌తో కలసి గనులను, ఆనకట్టలను, నిర్వాసితులను గూర్చి తీసిన చిత్రములు చూచినప్పుడు మాత్రము శంక లేదు: అక్కడ పాడువాడే పద్దు చదువుచున్నాడు.

పద్దు ఎట్లుండునో చూడదలచినవారు మేనెలలో ఒక సాయంకాలము తునికాకు కల్లము కడ కూర్చుండుడు. తెల్లవారకముందు పోయి కోసి తెచ్చిన ఆకును మధ్యాహ్నమంతయు ఇంటిల్లిపాది నీడన కూర్చుండి ఎంచి, వరుస బెట్టి, నారతో కట్టలు కట్టుదురు; ముసలిదాని వ్రేళ్ళు ఆకులను చూడకయే 50 దాకా పోయి ఆగును. ప్రొద్దు వాలువేళ ఆ కట్టలు కల్లమున ఎండబెట్టు వరుసలలో చేరును. కల్లేదారు కర్ర పట్టుకొని వరుస వెంట నడచుచు, చిన్న ఆకు, చిల్లు ఆకు, తడి ఆకు అని కొన్నిటిని ప్రక్కకు త్రోయును. నూటికి ఇన్ని యని తరుగు తీయును. కార్డు మీద అంకె వేయును. ఆ కార్డును స్త్రీ చదువలేదు; కాని అతని పెన్ను ఎంతసేపు ఆడినదో చూచి, అంకె రెండక్షరములదా మూడక్షరములదా యని కనిపెట్టును. ఆ కన్ను, ఆ పెన్ను, ఆ కర్ర, ఈ మూడింటిని ఒక్క దృశ్యములో పట్టగలవాడు నాకు కొమ్మునృత్యము చూపకపోయినను లోపము లేదు.

కాగితమే లేనివారి మాట ఒకటి చెప్పి ముందుకు పోదును. 2005లో బస్తరులో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం దళములు చెలరేగిన పిమ్మట పల్లెలు విడిచి ఇటు వచ్చిన గొత్తికోయల గుడిసెలు నేటికిని మన అడవులలో ఉన్నవి. ఆ దళములకు ఆయుధములిచ్చుట రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. అంతమాత్రమున పోయిన ఊరు తిరిగి రాలేదు. వీరిని చిత్రించుటకు వచ్చినవారు మొగము చూపవలెనా, మానవలెనా యని రెండు రోజులు వాదించుకొనుట నేను విన్నాను. వారి వాదము సత్యమైనది. మొగము చూపిన గుర్తుపట్టుదురు. చూపకున్న, ఎట్టి కాగితములోను లేని మనిషి చిత్రములోను లేకపోవును.

ఇక పోలవరము. దానికి పునాదిరాయి 1981లో పడినది. పనులు 2004 తరువాత జోరందుకొన్నవి. జలాశయపు పూర్తిమట్టము 150 అడుగులు. దాని లాభనష్టములను తూచుటకు ఈ సభ చాలదు, నాకు అధికారమును లేదు. ముంపు మాట మాత్రము చెప్పుదును. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులు ఎక్కెను. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక. 1986 నాటి 75.6 అడుగుల తరువాత అంత వరద ఇదే. ఆ యేడు ముంపు మండలముల పల్లెలు కప్పులదాక మునిగినవి. వరద తీసిన పిదప కొందరు ఊళ్ళకే తిరిగిపోయిరి, కొందరు పునరావాస కాలనీలకు కదలిరి. కాలనీలో ఇండ్లు నంబర్ల వరుసలో ఉండును. కొండరెడ్ల ఊరిలో ఇల్లు ఇంటికి ఎడమగా, తన చింత, తన మామిడి, తన జీలుగు నడుమ ఉండును. ఆ చెట్లను ఎవరును తమతో తేలేరు గనుక వానికి లెక్కగట్టి పరిహారమిత్తురు. చెట్లకును ఒక పట్టిక ఉన్నది.

అట్టి కాలనీ యొకదానిలో మేము ఒక చిత్రము వేసితిమి. ఆ కాలనీవారి మునుగనున్న పాత ఊరిలోనే, కొన్నేండ్ల క్రిందట, నా కుర్ర మిత్రులిద్దరు తీసినది. మామిడికొత్త పండుగ నాటి ఆట అందులో ముఖ్యభాగము. మా ఉపాధ్యాయుని దుప్పటి అప్పటికి లేదు, ఆయనయు లేడు. కమ్యూనిటీ హాలు గోడయే తెర. పిల్లలు తమ తాతలను గుర్తుపట్టి కేకలు వేసిరి. పోయినవారు కనబడినప్పుడు కొంత నిశ్శబ్దము. ఆట మొదలయ్యెను, చేతులు పెనవైచుకొన్న స్త్రీల వరుస మెల్లగా తిరుగుచుండెను, నా మిత్రులు ఆ దృశ్యమునకు చాల శ్రమపడిరి, ఎండ పొద్దువాలునది, ధూళి బంగారమువలె లేచునది. ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ ఒకతె చేయి ఎత్తెను.

"ఆపండి సారూ."

ఆపితిమి. ఆమె లేచి గోడ దగ్గరకు పోయెను. ఆమె నీడ సగము బొమ్మను కప్పినది. ఆటగత్తెల తలల పైన, చాల వెనుక, మసకగా కనబడు కొమ్మలను వ్రేలితో చూపినది.

"ఆ చింతలు మాయే. కాయితంలో రెండే రాశారు."

ఎవరును మాటాడలేదు. ఆమె వ్రేలు గోడమీద నడచినది: ఒకటి, రెండు, మూడు. మూడవదాని తరువాత ఆటగత్తెల వరుస అడ్డము.

"ఈ ఆడేటోళ్ళను కొంచెం పక్కకు జరగమనండి సారూ. దీని ఎనక ఇంకో చెట్టుండాలి."

కొందరు నవ్విరి, ఆమె నవ్వలేదు. నా మిత్రుడు బొమ్మను ఒక్కొక్క అంగుళముగా ముందుకు నడపెను. వరుస తిరిగినది. చీరల నడుమ సందు తెరచుకొన్నది. నాలుగు. మరికొంత తిరిగినది. ఐదవది ఇంటి చూరును ఆనుకొని, కాపుతో వంగియున్నది. ఆమె మనుమడు జేబులోనుండి బాల్‌పెన్ను తీసి, వ్రాయుటకు కాగితము లేక, తన అరచేతిమీద అంకె వేసికొనెను. ఆమె, "మామిళ్ళు ఇంకా చూడలేదు, ఎనక్కి తిప్పండి," అనెను.